రిజెక్ట్ చేసినా సరే, ఎందుకు చేశారో రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. ఈ ఉత్తరం జబ్బు చేసి ఇంటికొచ్చిన సిపాయిల డిసెబిలిటీ పెన్షన్ అప్పీళ్ళ గురించి.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మీ పేపర్ శ్రీకాకుళం ఎడిషన్ పాతపట్నం మీదుగా పొద్దున్నే మా వీధిలోకి వచ్చేస్తాది, టీ తాగే టైముకి చేతిలో ఉంటాది. నేను ఆర్మీలో క్లర్క్‌గా చేసి 2012లో హవల్దార్‌గా రిటైరయ్యాను. అప్పట్నుంచీ చుట్టుపక్కల ఎక్స్‌సర్వీస్‌మెన్ వాళ్ళ కాగితాలు పట్టుకుని మా ఇంటికొస్తారు, నాకు తెలిసినకాడికి చదివి చెప్తాను, రాసి పెడతాను. డబ్బులేమీ తీసుకోను.

పోయిన ఆదివారం ఒక కుర్రాడు వాళ్ళమ్మని తీసుకుని వచ్చాడు. ఆర్మీలో ఏడేళ్ళు చేశాడు, అందులో రెండేళ్ళకి పైగా కశ్మీర్‌లో రాత్రి సెంట్రీ డ్యూటీలు. తర్వాత నిద్ర పట్టేది కాదు, మనిషి మాట్లాడ్డం తగ్గిపోయింది, చిన్న సౌండ్‌కి ఉలిక్కిపడి లేచేవాడట. మిలిటరీ హాస్పిటల్లో చాలా నెలలు ఉంచి, 2022లో మెడికల్ బోర్డు చేసి ఇంటికి పంపించేశారు. ఊళ్ళో జనం ఏమంటారో మీకు తెలుసు, ఆ మాట నేను రాయను. డిసెబిలిటీ పెన్షన్ కోసం అప్లై చేస్తే కాదన్నారు, అప్పీల్ చేసుకుంటే ఇన్నాళ్ళకి జవాబొచ్చింది. రెండు పేజీలు, ఇంగ్లీషు. మొదటి పేజీ అంతా రూల్ నంబర్లూ రిఫరెన్సులే, రెండో పేజీలో అసలు సంగతి ఒక్క వాక్యం, మీ జబ్బు సర్వీస్ వల్ల వచ్చింది కాదు, సర్వీస్ వల్ల పెరిగిందీ కాదు కాబట్టి అప్పీల్ తిరస్కరించడమైనది అని. అంతే. ఎందుకు కాదు? ఆ రెండేళ్ళ కశ్మీర్ డ్యూటీ చూశారా లేదా? చేరినప్పుడు మెడికల్‌లో ఫిట్ అని రాసింది ఎవరు? ఒక్కదానికీ జవాబు లేదు. నేను చదివి చెప్తుంటే వాళ్ళమ్మ అడిగింది, "అంటే మావోడు పుట్టుకతోనే అలాటోడని రాశారా బాబూ" అని. నాకు నోట మాట రాలేదు సర్. అందుకే ఈ ఉత్తరం.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. సిపాయికి జబ్బు చేసి సర్వీస్ నుంచి పంపేసినా, మామూలుగా రిటైరయ్యే టైముకి జబ్బున్నా, ఒక మెడికల్ బోర్డు కూర్చుంటాది. అది రెండు విషయాలు తేల్చాలి, జబ్బు ఎంత శాతం, అది సర్వీస్ వల్ల వచ్చిందా లేక సర్వీస్ వల్ల ముదిరిందా. రెండింట్లో ఏదో ఒకటి అయ్యి, 20 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటేనే డిసెబిలిటీ పెన్షన్. రెండూ కాదనుకుంటే బోర్డు కాగితం మీద పొట్టిగా ఎన్.ఏ.ఎన్.ఏ. అని నాలుగక్షరాలు రాస్తారు. ఆ నాలుగక్షరాలతో ఒక కుటుంబం జీవితాంతం పడాలి. దాని మీద మొదటి అప్పీల్ ఒక కమిటీకి, అక్కడా కాదంటే రెండో అప్పీల్ ఇంకో కమిటీకి, ఒక్కోదానికి ఆర్నెల్ల గడువు. అక్కడ కూడా కాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్. 2007లో చట్టం చేసి 2009లో మొదలెట్టారు దాన్ని, మాలాంటోళ్ళు సివిల్ కోర్టుల్లో ఏళ్ళతరబడి తిరక్కుండా ఉండాలని.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను, ఎందుకంటే ఆర్నెల్ల గడువు అన్న మాట ఎంత బరువైందో నాకు అక్కడే తెలిసింది. మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, 1995లో సైన్యంలో చేరాడు. చేరినప్పుడు గుండ్రాయిలా ఉండేవాడు, మహేంద్రతనయ ఏటి వరదల్లో ఈదినోడు. 2002లో డ్యూటీలో ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చింది. మందులిచ్చారు, మెడికల్ కేటగిరీ తగ్గించారు, 2004లో బోర్డు అవుట్ చేసి, అంటే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాసి, పంపేశారు. 20 శాతం, ఎన్.ఏ.ఎన్.ఏ. తొమ్మిదేళ్ళ సర్వీసే కాబట్టి పెన్షన్ లేదు, చేతిలో కొంచెం డబ్బు పెట్టి పంపించారు. యూనిట్‌లో ఎవరో మంచోళ్ళు రాసిపెడితే మొదటి అప్పీల్ వేశాడు. ఏడాది దాటాక జవాబొచ్చింది. అప్పుడు నేను సర్వీస్‌లోనే ఉన్నాను, దూరంగా. ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరు. కవరు మీద అశోకచక్రం ముద్ర ఉందని మా చిన్నాన్న దాన్ని జాగ్రత్తగా, భక్తిగా, దేవుడి పటం వెనకాల పెట్టాడు. నేను 2007లో లీవులో వచ్చినప్పుడు తీసి చూపించాడు, "చూడరా, గవర్నమెంటు కాగితం, ఏటి రాశారో" అని. రెండో అప్పీల్‌కి గడువు ఎప్పుడో అయిపోయింది. ఆ కాగితంలో ఆర్నెల్లు అని రాసి ఉంది, కాకపోతే ఆఖర్న, సన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో.

ఫిట్స్ ఉన్న మనిషికి ఎవడు పనిస్తాడండి. సెక్యూరిటీ గార్డ్ ఉద్యోగంలో చేరితే రెండో నెల్లో గేటు దగ్గర పడిపోయాడు, మానిపించేశారు. మా మరదలు పిల్లల్ని తీసుకుని పలాస దగ్గర పుట్టింటికెళ్ళి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. జీడి నూనె తగిలితే చేతివేళ్ళు ఎలా కాలిపోతాయో మా వైపు అందరికీ తెలుసు. ఆవిడ పండక్కి వచ్చినప్పుడు అన్నం కలుపుకోడానికి కూడా ఇబ్బంది పడేది. సిపాయి పెళ్ళాం అని గొప్పగా చేసుకొచ్చాం ఆ పిల్లని.

2013 జులైలో సుప్రీంకోర్టులో ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి కేసులో తీర్పొచ్చింది. ఆయనక్కూడా ఫిట్సే, ఆయన్ని కూడా 20 శాతం అని తొమ్మిదేళ్ళ లోపే పంపేశారు. మావోడి కథకి అచ్చు పోసినట్టు ఉంది. కోర్టు చెప్పింది సింపుల్. చేరినప్పుడు జబ్బు ఉన్నట్టు రాయలేదంటే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, తర్వాత వచ్చిన జబ్బు సర్వీస్‌లో వచ్చిందనే అనుకోవాలి, కాదనేవాళ్ళే కాదని నిరూపించాలి, మెడికల్ బోర్డు కాదంటే కారణాలు రాయాలి. అసలు ఇది కోర్టు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు, 1982 నాటి పెన్షన్ రూల్స్‌లోనే ఉంది, అడిగేవాడిని రుజువు చెయ్యమని అడక్కూడదు, అనుమానం ఉంటే ఆ లాభం సిపాయికే ఇవ్వాలి, ఫీల్డ్‌లో చేసినోడికైతే ఇంకా ఉదారంగా ఇవ్వాలి అని. 30 ఏళ్ళు ఆ రూల్ పుస్తకంలోనే ఉండిపోయింది, ఆఫీసులో ఉండి రోజూ ఆ పుస్తకాలు తిరగేసిన నాకే 2013 దాకా ఆ లైను కంట్లో పడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తాది.

2014లో ట్రైబ్యునల్‌లో కేసు వేశాం. ఇక్కడ మా బోర్డర్ బతుకు సంగతి చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా పర్లాకిమిడి ఇటుండిపోయింది, ఆనుకునే ఉన్న పాతపట్నం అటుండిపోయింది. సంతకి నడిచెళ్ళి వచ్చేంత దూరం. పాతపట్నం సిపాయి కేసు చెన్నై బెంచ్‌కి వెళ్తాది, పర్లాకిమిడి సిపాయి కేసు కోల్‌కతా బెంచ్‌కి వెళ్తాది. మాకు సొంత రాష్ట్రం భాష ఒడియా, ఇంటి భాష తెలుగు, ఆర్మీ నేర్పింది హిందీ, కేసు నడిచేది ఇంగ్లీషులో, లాయర్ బెంగాలీ. ఒక్కోసారి వాయిదాకి పలాసలో రైలెక్కి రాత్రంతా కూర్చుని హౌరాలో దిగేవాళ్ళం. తమ్ముడికి రైల్లో ఫిట్స్ వస్తాదేమోనని నేను నిద్రపోయేవాణ్ణి కాదు. అక్కడికెళ్ళాక బెంచ్ లేదు, గవర్నమెంటు లాయర్ జవాబు కౌంటర్ వెయ్యలేదు, ఇంకో డేట్. ఇలా మూడేళ్ళు. 2017లో ఆర్డర్ మావైపు వచ్చింది. 20 శాతాన్ని 50గా లెక్కేసి ఇమ్మన్నారు. ఆర్డర్ వచ్చినా డబ్బులు వెంటనే రాలేదు, అమలు చెయ్యమని మళ్ళీ ఇంకో అర్జీ, మళ్ళీ ఇంకో ఏడాది.

పాత బాకీ మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ళ వరకే. అది 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన లెక్క, లేటుగా వస్తే మూడేళ్ళకి మించి ఇవ్వక్కర్లేదని. దాన్ని తప్పుపట్టే చదువు నాది కాదు. కానీ 2004 నుంచి 2011 దాకా మా తమ్ముడి ఏడేళ్ళ పెన్షన్ ఆ దేవుడి పటం వెనకాలే పోయింది. ఆ కాగితంలో పైన, పెద్ద అక్షరాల్లో, తెలుగులో "ఫలానా తేదీలోపు మీరు మళ్ళీ అప్పీల్ చేసుకోవచ్చు" అని ఒక్క ముక్క ఉంటే మా చిన్నాన్న చదువుకునేవాడు, ఆయనకి తెలుగు బాగా వచ్చు, శతకాలు కంఠతా పట్టిన మనిషి.

ఈ 50 శాతం లెక్క సంగతి కూడా చాలామందికి తెలీదు. 50 కన్నా తక్కువున్న శాతాన్ని 50 కింద, 50 నుంచి 75 దాకా ఉన్నదాన్ని 75 కింద, ఆపైన ఉన్నదాన్ని 100 కింద లెక్కేస్తారు. 100 శాతం డిసెబిలిటీ అయితే ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. అంటే 40 వేల జీతగాడికి బోర్డు 30 శాతం రాస్తే, ఆ లెక్కన 3,600 రావాలి, 50 కింద తీసుకుంటే 6,000 అవుతాది, దాని మీద డీఏ. మొదట్లో ఈ సదుపాయం బోర్డు అవుట్ అయినోళ్ళకే అన్నారు. పూర్తి సర్వీస్ చేసి రిటైరైనోళ్ళకి కూడా ఇవ్వాలని 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, గవర్నమెంటు వేసిన వందల అప్పీళ్ళు ఆ ఒక్క రోజే పోయాయి. మా బావ ఒకాయన బీపీతో రిటైరయ్యాడు, బోర్డు 30 శాతం రాసి, పీస్ స్టేషన్‌లో, అంటే బోర్డర్‌కి దూరంగా మామూలు డ్యూటీ చేసే చోట, వచ్చింది కాబట్టి సర్వీస్ వల్ల కాదంది. పీస్ స్టేషన్‌కి వచ్చే ముందు మూడేళ్ళు ఎక్కడున్నాడో చూడలేదు. ఆయనేమో "పోనీలే, ఉన్న పెన్షన్ వస్తోంది కదా" అని ఊరుకున్నాడు. ఇలా ఊరుకున్నోళ్ళు మా చుట్టుపక్కల ఎంతమందో.

ఇంకో మాట. కింద కమిటీలు కాదనడం, ట్రైబ్యునల్ ఇమ్మనడం, మళ్ళీ గవర్నమెంటు పై కోర్టుకెళ్ళడం, ఇదొక చక్రం అయిపోయింది. 2015లో రక్షణ శాఖే నిపుణుల కమిటీ వేసుకుంటే ఆ కమిటీయే ఇలాంటి కేసుల్లో అప్పీళ్ళు తగ్గించుకోండి అని చెప్పింది. అయినా 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు గవర్నమెంటు వేసిన దాదాపు 300 పిటిషన్లు ఒకేసారి కొట్టేసింది, అన్నీ ట్రైబ్యునల్ ఇచ్చిన డిసెబిలిటీ పెన్షన్ల మీదే. అక్కడ కూడా కోర్టు అన్నది అదే మాట, పీస్ స్టేషన్‌లో వచ్చింది అనేస్తే కారణం చెప్పినట్టు కాదు, బోర్డు వివరంగా రాయాలి అని. 2013లో అన్నదే 2025లో మళ్ళీ అనాల్సి వచ్చింది. మధ్యలో ఈ పన్నెండేళ్ళు రైళ్ళలో తిరిగినోళ్ళ సంగతేంటి?

ఫైళ్ళు చూసే ఆఫీసర్ల మీద నాకు పగ లేదు, నేనూ ఆ కుర్చీల పక్కన కూర్చున్నోడినే, ఒక టేబుల్ మీద రోజుకి ఎన్ని ఫైళ్ళు పడతాయో తెలుసు. కొంతమంది ఒంటికి బాగానే ఉన్నా శాతం రాయించుకుంటారన్న మాట కూడా వింటున్నాను, 2023 సెప్టెంబర్‌లో కొత్త రూల్స్ తెచ్చింది అందుకే అంటున్నారు. దొంగని పట్టుకోండి, నేనొద్దన్నానా. కానీ దొంగని పట్టుకోవాలన్నా కారణం రాయాలి కదా. కారణం రాస్తే నిజమైనోడు దానికి జవాబు చెప్పుకుంటాడు, అబద్ధమాడినోడు అక్కడే ఆగిపోతాడు. కారణం లేకుండా కొట్టేస్తే ఇద్దరూ ఒకటైపోతారు, లాయర్ పెట్టుకోగలిగినోడు మాత్రం గట్టెక్కుతాడు.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. అక్కడ మాజీ సైనికుల అప్పీళ్ళు చూసే బోర్డు ఒకటి ఉందని చెప్పాడు, బోర్డ్ ఆఫ్ వెటరన్స్ అప్పీల్స్ అంటారట. ఆ బోర్డు ఇచ్చిన నిర్ణయాలు మనుషుల పేర్లు తీసేసి ఇంటర్నెట్లో అందరికీ కనపడేట్టు పెడతారు. ఫోన్లో నాకు కొన్ని చదివి తెలుగులో చెప్పాడు. ఏ సాక్ష్యం నమ్మారు, ఏది నమ్మలేదు, ఎందుకు నమ్మలేదు, డాక్టర్ రిపోర్టులో లోపం ఏంటి, అన్నీ పేరా పేరాగా రాస్తారు, చట్టం ప్రకారం రాసి తీరాలట. అటూ ఇటూ సాక్ష్యం సమానంగా ఉంటే సిపాయి వైపే తేల్చాలని అక్కడా రూల్ ఉంది. అక్కడా ఏళ్ళు పడుతున్నాయి, అక్కడా చాలా ఫైళ్ళు మళ్ళీ చూడమని వెనక్కి పంపుతారు, అక్కడి సిపాయిలూ తిట్టుకుంటూనే ఉంటారట. అయినా ఓడిపోయినోడికి తను ఎందుకు ఓడాడో తెలుస్తాది. పక్కవాడి కేసు చూసుకుని నా కేసులో ఏ కాగితం తక్కువైందో తెలుసుకోవచ్చు. మన ట్రైబ్యునల్ తీర్పులు కూడా ఇంటర్నెట్లో ఉంటాయి, అది మంచిదే. కానీ దానికన్నా కింద ఉన్న రెండు కమిటీలు ఏం రాస్తున్నాయో ఆ అప్పీల్ వేసినోడికి తప్ప ఇంకెవరికీ కనపడదు. మాలాంటోళ్ళలో ఎక్కువమంది ఆగిపోయేది ఆ కిందనే.

కాబట్టి మీ పేపర్ ద్వారా రక్షణ శాఖని అడిగేది ఇదే. మెడికల్ బోర్డు కాగితం కాపీ ఇంటికెళ్ళే రోజే సిపాయి చేతిలో పెట్టండి, మేం అడుక్కుని తెచ్చుకునే పని లేకుండా. కాదనదలుచుకుంటే కాదనండి, కానీ ఫలానా పోస్టింగ్ చూశాం, ఫలానా రిపోర్టు చూశాం, ఇందుకు కాదంటున్నాం అని రాయండి. ఆ జవాబుతో పాటు సిపాయి ఇంటి భాషలో ఒక్క పేజీ పెట్టండి, ఎందుకు కాదన్నారు, తర్వాత ఎవరికి రాసుకోవాలి, ఏ తేదీలోపు. తెలుగో ఒడియానో సవరో అతన్నే అడగండి, మా జిల్లాలో సవర పిల్లలు కూడా ఫౌజుకి వెళ్తున్నారు. ట్రైబ్యునల్ వాయిదాలకి బరంపురంలో కూర్చుని వీడియోలో హాజరయ్యే ఏర్పాటు చెయ్యండి. ఫిట్స్ ఉన్నోణ్ణి, కాలు లేనోణ్ణి రాత్రి రైల్లో హౌరా దాకా తిప్పొద్దు.

2025 జులై 26న కార్గిల్ దివస్ నాడు లీగల్ సర్వీసెస్ అథారిటీ వాళ్ళు వీర్ పరివార్ సహాయతా యోజన అని పెట్టారు, మాజీ సైనికుల బాగోగులు చూసే సైనిక్ బోర్డు ఆఫీసుల్లోనే ఫ్రీగా లీగల్ సాయం చేసే క్లినిక్‌లు. చాలా మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. మా వైపు క్లినిక్‌లో తెలుగు వచ్చిన మనిషి ఒక్కరుంటే ఇంకా మేలు, బరంపురం నుంచి గుణుపూర్ దాకా తెలుగిళ్ళు ఉన్నాయి కదా.

ఈ ఉత్తరం చదివే సిపాయి కుటుంబాలకి కూడా ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి కవరు వచ్చి ఉంటే, ఎన్నేళ్ళ కిందటిదైనా సరే, బీరువాలోంచి, పెట్టెలోంచి, పటం వెనకాల నుంచి బయటికి తియ్యండి. గడువు దాటిపోయిందని వదిలెయ్యొద్దు, పెన్షన్ అనేది నెలనెలా వచ్చే హక్కు, లేటైతే పాత బాకీ తగ్గుతాదేమో గానీ ముందు నెలలవి అడగొచ్చు. కవరు కూడా పారెయ్యొద్దు, దాని మీద పోస్టాఫీసు ముద్ర తేదీ పనికొస్తాది. ట్రైబ్యునల్‌లో లాయర్ లేకుండా స్వయంగా చెప్పుకునే హక్కు కూడా చట్టంలో ఉంది. సైనిక్ బోర్డుకెళ్ళి అడగండి, డిశ్చార్జ్ బుక్ పట్టుకెళ్ళండి.

ఆదివారం వచ్చిన కుర్రాడి రెండో అప్పీల్ రాయడం మొదలెట్టాను. సెంట్రీ డ్యూటీ తేదీలు అడిగితే మొదట చెప్పలేకపోయాడు, తల దించుకున్నాడు. తర్వాత వాళ్ళమ్మ పక్కనుంచి ఒక్కో ఉత్తరం, ఒక్కో ఫోన్ కాల్ గుర్తుచేస్తుంటే మెల్లగా చెప్పాడు, ఏ పోస్టు, ఏ నెల, పక్కన డ్యూటీలో ఎవరుండేవారు. ఆవిడకి అన్నీ గుర్తున్నాయి, ఏ రాత్రి ఫోన్ రాలేదో కూడా. మొత్తం మూడు పేజీలయ్యింది. సోమవారం పోస్టాఫీసుకెళ్ళి స్పీడ్ పోస్టు చేస్తాం. జవాబు వచ్చాక మళ్ళీ రాస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దార్ (క్లర్క్),
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా